బిగించిన చేతి మాట వినాలి

నేల విడిచి లేచింది ముప్పై నలభై అడుగులే. బాగా ఎదిగిన కొబ్బరిచెట్టు తల దాకా కూడా పోలేదు. అంతలోనే పైలట్ చేతిలోని కంట్రోలు మాట వినడం మానేసింది. 2023 మార్చి 26, ఆదివారం, మధ్యాహ్నం 12.25 గంటల వేళ కొచ్చి అంతర్జాతీయ విమానాశ్రయాన్ని ఆనుకొని ఉన్న కోస్ట్‌గార్డు ఆవరణ నుంచి లేచిన ధ్రువ్ మార్క్-3 హెలికాప్టరు, నంబరు సీజీ 855, నిమిషాల్లోనే నేలకొచ్చి పడింది. అందులో ముగ్గురు ఉన్నారు. అదుపు తప్పుతున్న యంత్రాన్ని అందినంత మేరకు పక్కకు తోసి, మెయిన్ రన్‌వేకు అడ్డం పడకుండా, వీలైనంత మెత్తగా దించారు. ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు. రెక్కలు, చట్రం దెబ్బతిన్నాయి. రెండు గంటల సేపు విమానాల రాకపోకలు ఆగాయి.

ఎవరూ చనిపోలేదు కాబట్టి ఆ వార్త మరుసటి రోజుకే పాతబడింది. చావు లేని ప్రమాదానికి పేపర్లలో ఆయుష్షు తక్కువ. కానీ ఆ హెలికాప్టరు ఆ రోజు ఎందుకు లేచిందన్నదే అసలు సంగతి. అది గస్తీకి పోలేదు, ఎవరినో కాపాడటానికి పోలేదు, ఏ నాయకుణ్నీ సభకు తీసుకుపోలేదు. పరీక్షకు లేచింది. అంతకు పద్దెనిమిది రోజుల ముందు, మార్చి 8న, నౌకాదళానికి చెందిన ఇదే రకం హెలికాప్టరు ముంబై తీరం దగ్గర ఉన్నట్టుండి శక్తి కోల్పోయి సముద్రంలో దిగింది. దాంతో దేశంలోని ధ్రువ్‌లన్నీ ఆపేసి, ఒక్కొక్కదాన్నీ విప్పి చూసి, మళ్లీ ఎగరడానికి పనికొస్తాయా లేదా అని చూస్తున్న రోజులవి. సీజీ 855ను తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ మనుషులు, కోస్ట్‌గార్డు మనుషులు కలిసే చూశారు. అదే రోజు నేల మీద ఆడించి చూశారు. అంతా బాగుందని తేల్చుకున్నాకే పైకి లేపారు. అయినా పడింది.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి జనానికి కొచ్చిలో పడిన హెలికాప్టరుతో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. ఆ యంత్రం పుట్టింది ఇక్కడి నుంచి బస్సులో రెండు గంటల దూరంలో. పొద్దున చీకటితోనే చింతామణిలోనో చిక్కబళ్లాపురంలోనో బస్సెక్కి బెంగళూరు ఫ్యాక్టరీల్లో రేకు కోసి, బోల్టు బిగించి, రాత్రికి ఇల్లు చేరే కుటుంబాలు ఈ తాలూకాల్లో కొత్త కాదు. రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో యలహంకలో ఏరో ఇండియా జరిగితే పెద్ద రోడ్డు మీద బండ్లు ఆపి ఆకాశం వైపు చూసేదీ ఇక్కడి జనమే. ఆ ధ్రువ్‌లతో విన్యాసాలు చేసే సారంగ్ జట్టు 2007 ఏరో ఇండియాకు సాధన చేస్తూ ఫిబ్రవరి 2న అదే యలహంకలో ఒక హెలికాప్టరును, ఒక పైలట్‌నూ పోగొట్టుకున్న సంగతి పాతవాళ్లకు గుర్తుంటుంది. 2025 ఫిబ్రవరి ప్రదర్శనలో సారంగ్ ఎగరనే లేదు. ఎందుకు ఎగరలేదో తెలుసుకోవాలంటే కొచ్చి కథ పూర్తిగా వినాల్సిందే.

మరమ్మతు తర్వాత పరీక్ష అనేది హెలికాప్టరుకే పుట్టిన ఆచారం కాదు. చింతామణి డిపోలో బ్రేకులు మార్చిన బస్సును మెకానిక్కు నేరుగా రూటుకు పంపడు. ముందు యార్డులో నాలుగు చుట్లు తిప్పుతాడు, గట్టిగా బ్రేకు కొడతాడు, దిగి చక్రం మీద చెయ్యి పెట్టి వేడి చూస్తాడు. ఖాళీ బండిలో తప్పు దొరికితే అది అదృష్టం. అరవై మంది జనంతో ఘాటు దిగేటప్పుడు దొరికితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. హెలికాప్టరుకూ అదే లెక్క. పెద్ద మరమ్మతు అయినా, కంట్రోలు భాగం మార్చినా, ముందు నేల మీదే ఇంజను ఆడిస్తారు. రెక్కలన్నీ ఒకే వరసలో తిరుగుతున్నాయా, వణుకు ఎంతుంది అని కొలుస్తారు. తర్వాత కొన్ని అడుగులు లేపి గాల్లో నిలబెడతారు. ఆ తర్వాతే చుట్టు తిప్పుతారు. లోపల ఉండేది తప్పనిసరిగా కావలసిన మనుషులే.

తేడా ఒక్కటే. బస్సు ఆగిపోతే రోడ్డు పక్కన నిలబడుతుంది. హెలికాప్టరుకు రోడ్డు పక్క అనేది లేదు.

నేల మీద బాగున్నది గాల్లో ఎందుకు మొరాయించింది? దీనికి హెలికాప్టరు లోపలి పనితనం కొంచెం తెలియాలి. పైలట్ ఎడమ పక్కన ఒక కర్ర ఉంటుంది, అది యంత్రాన్ని పైకి లేపడానికీ కిందికి దించడానికీ. మోకాళ్ల మధ్య ఇంకో కర్ర ఉంటుంది, దాన్ని సైక్లిక్ అంటారు, ముందుకూ వెనక్కూ పక్కలకూ పోవడానికి. కాళ్ల దగ్గర పెడళ్లు తోక తిప్పడానికి. కర్రను కదిలిస్తే ఆ కదలిక కంట్రోల్ రాడ్లు అనే కడ్డీల మీదుగా పైకి పోతుంది. అక్కడ స్వాష్‌ప్లేటు అని పళ్లెంలాంటి భాగం ఉంటుంది. దాని కింది సగం తిరగదు, పై సగం రెక్కలతో పాటు గిరగిరా తిరుగుతుంది. తిరగని మనిషి చెయ్యి చెప్పిన మాటను తిరిగే రెక్కకు చేరవేసే దుబాసీ అన్నమాట. ఆ పళ్లెం ఎటు వంగితే రెక్కలు అటు కోణం మార్చుకుంటాయి, హెలికాప్టరు అటు పోతుంది.

ఈ దారిలో ఒక్క కడ్డీ విరిగినా, ఒక్క కీలు వదిలినా, పైలట్ చేతికీ రెక్కకూ సంబంధం తెగిపోతుంది. ఇంజను ఆగితే రెండో ఇంజను ఉంది, ధ్రువ్‌కు రెండు ఇంజన్లు. కానీ స్వాష్‌ప్లేటుకు రెండో స్వాష్‌ప్లేటు లేదు. పైగా నేల మీద ఆడించేటప్పుడు యంత్రం బరువు కాళ్ల మీదే ఉంటుంది. గాల్లోకి లేవగానే టన్నుల బరువంతా ఆ రెక్కల మీదికి, ఆ లాగుడు ఈ కడ్డీల మీదికి వస్తుంది. ఖాళీ ట్రాక్టరు స్టీరింగు తిప్పి చూసి బాగుందనుకోవడం వేరు, ఆలుగడ్డ మూటలు నింపిన ట్రాలీతో దుక్కి దాటించడం వేరు. అందుకే నేల పరీక్ష పాసయినా గాలి పరీక్ష తప్పదు. ఆ గాలి పరీక్షలో మొదటి ముప్పై నలభై అడుగులే చాలా ప్రమాదం. సర్దుకోవడానికి ఎత్తు ఉండదు, వేగం ఉండదు, వ్యవధి అసలే ఉండదు.

ఆ రకంగా చూస్తే కొచ్చిలో పరీక్ష తన పని తాను చేసింది. తప్పు ఖాళీ ఆకాశంలో, విమానాశ్రయం గోడ లోపల, ముగ్గురు నిపుణుల సమక్షంలో బయటపడింది. నష్టం కొన్ని కోట్లదే కావచ్చు, ప్రాణాలు మాత్రం మిగిలాయి. ఇంత చౌకగా దొరికిన పాఠం ఇంకొకటి ఉండదు. ఆ పాఠాన్ని ఎంత లోతుగా చదివారన్నదే ప్రశ్న.

దానికి జవాబు సంతోషం కలిగించేది కాదు. కొచ్చి తర్వాత నలభై రోజులైనా గడవకముందే, 2023 మే 4న, జమ్మూ కాశ్మీరులోని కిష్త్వార్ జిల్లాలో ఆర్మీ ధ్రువ్‌లో సాంకేతిక లోపం కనిపించింది. పైలట్లు మరువా నది ఒడ్డున దించబోతే, ఎత్తుపల్లాల నేల మీద బలంగా తగిలింది. పైలట్లు గాయాలతో బయటపడ్డారు. చనిపోయింది వెనక కూర్చున్న టెక్నీషియన్. తెలంగాణలోని రాజన్న సిరిసిల్ల జిల్లా వాడు, తెలుగు పిల్లోడు. ఆ యంత్రాన్ని చూసుకోవడమే అతని ఉద్యోగం. 2024 సెప్టెంబరు 2 రాత్రి గుజరాత్‌లోని పోర్‌బందర్ దగ్గర, ఓడలో గాయపడిన మనిషిని తీసుకురావడానికి పోయిన కోస్ట్‌గార్డు ధ్రువ్ సముద్రంలో పడింది. నలుగురిలో ఒక్కరే దక్కారు. మళ్లీ నాలుగు నెలలకు, 2025 జనవరి 5న, అదే పోర్‌బందర్ విమానాశ్రయంలో ఇంకొక కోస్ట్‌గార్డు ధ్రువ్ దిగుతూ దిగుతూ కూలి ముగ్గురిని పొట్టన పెట్టుకుంది. ఈసారి విరిగింది స్వాష్‌ప్లేటు అని తేలింది. త్రివిధ దళాల్లో, కోస్ట్‌గార్డులో కలిపి సుమారు 330 ధ్రువ్‌లు ఒక్కసారిగా నేల మీద కూర్చున్నాయి. 2025 ఏరో ఇండియాలో సారంగ్ ఎగరకపోవడానికి కారణం ఇదే. పహల్గాం దాడి తర్వాత సరిహద్దులో ఉద్రిక్తత పెరిగిన సమయంలో, మే 1న, ఆర్మీ, వైమానిక దళం హెలికాప్టర్లకు అనుమతి ఇచ్చారు. సముద్రం మీద తిరిగేవాటికి అప్పుడు ఇవ్వలేదు.

కొచ్చిలో జరిగిందీ పోర్‌బందర్‌లో జరిగిందీ ఒకే లోపం అని చెప్పడం న్యాయం కాదు. మధ్యలో కంట్రోల్ రాడ్లను అల్యూమినియం నుంచి ఉక్కుకు మార్చే పని సాగింది, అది కూడా ఒప్పుకోవాలి. కానీ పైలట్ చేతి నుంచి రెక్క దాకా పోయే దారి ఒక్కటే. ఆ దారిలో 2023లో ఒక చోట తెగితే, ఆ ముక్కను బాగుచేసి ఊరుకున్నారా, లేక మొత్తం దారినీ తవ్వి చూశారా? పైపు పగిలిన చోట ట్యూబు చుట్టి పోతే పక్క అడుగులో పగలదా? బోరు మోటార్లతో బతికే రైతుకు ఈ సంగతి ఇంజనీర్లు చెప్పాల్సిన పని లేదు.

ధ్రువ్‌ను తిట్టిపోయడం తేలిక. అది సరికాదు. 1984లో జర్మనీ సంస్థ సాయంతో డిజైను మొదలై, 1992 ఆగస్టు 20న తొలిసారి ఎగిరి, 2002 నుంచి సైన్యం చేతికి వచ్చిన యంత్రం అది. విదేశీ హెలికాప్టర్లు విడిభాగాల కోసం నెలల తరబడి మూలన పడి ఉండే దేశంలో, సొంతంగా తయారై హిమాలయాల ఎత్తుల్లో పని చేసింది. 2013 ఉత్తరాఖండ్ వరదల్లో ఎందరినో మోసుకొచ్చింది. అంతమాత్రాన దాని జాతకంలోని మచ్చలు కనబడకుండా పోవు. 2005 నవంబరులో ఒక ధ్రువ్ అప్పటి ఆంధ్రప్రదేశ్ నేల మీదే బలంగా దిగాల్సి వచ్చింది, తోక రెక్కలో లోపం అని తేలి అన్నింటినీ ఆపేశారు. ఈక్వెడార్ అనే దక్షిణ అమెరికా దేశం ఏడు కొంటే నాలుగు కూలాయి. 2015లో ఆ దేశం ఒప్పందమే రద్దు చేసుకుంది. ఇందులో కొన్ని పైలట్ల తప్పులూ ఉన్నాయి. ఏవి మనిషి తప్పులు, ఏవి యంత్రం తప్పులు అన్నది కాగితం మీద తేలితేనే కదా కొనేవాడికి నమ్మకం.

చిక్కు ఇక్కడే ఉంది. పౌర విమానం గానీ, ప్రైవేటు హెలికాప్టరు గానీ కూలితే విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో నివేదిక రాసి జనం ముందు పెడుతుంది. ఎవరైనా చదువుకోవచ్చు. సైనిక హెలికాప్టరు పడితే విచారణ జరుగుతుంది, నివేదిక లోపలే ఉండిపోతుంది. పార్లమెంటులో ఎవరైనా ఎంపీ అడిగితే నాలుగు వాక్యాల జవాబు వస్తుంది. దేశ రక్షణ రహస్యాలు బయట పెట్టమని ఎవరూ అడగడం లేదు. తుపాకీ ఎక్కడ పెట్టారో, రాడార్ ఎంత దూరం చూస్తుందో ఎవరికీ అక్కర్లేదు. కానీ ఒక పళ్లెం ఎందుకు విరిగింది, ఎన్ని గంటలు తిరిగాక విరిగింది, తనిఖీలో అది ఎందుకు కనబడలేదు అన్న మూడు మాటల్లో రహస్యం ఏముంది? రెండు పేజీల సారాంశం విడుదల చేస్తే శత్రువు చేతికి ఏమీ చిక్కదు. చిక్కేది తయారీదారు పరువు ఒక్కటే. హెచ్‌ఏఎల్ ఇప్పుడు షేర్ మార్కెట్లో ఉన్న సంస్థ, 2018 నుంచి మామూలు జనం కూడా వాటాలు కొంటున్నారు. వాటాదారుకైనా ఆ హక్కు ఉంది కదా.

ఇంకో సంగతి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ప్రమాదం అనగానే పైలట్ ఫొటో వస్తుంది, ఎక్కిన పెద్దమనిషి ఫొటో వస్తుంది. యంత్రం కింద పడుకొని, గ్రీజు పూసుకొని, సంతకం పెట్టే మెకానిక్కు కనబడడు. 2023 నవంబరు 4న, మళ్లీ కొచ్చిలోనే, నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ గరుడలో చేతక్ హెలికాప్టరుకు మరమ్మతు తర్వాత నేల మీద నడిపి చూసే పరీక్ష జరుగుతుండగా ప్రమాదం జరిగింది. చనిపోయింది నేల మీద పని చేసే సిబ్బందిలో ఒకరు. చేతక్ అయితే ధ్రువ్ కంటే ముసలిది, ఫ్రాన్సు డిజైనుతో హెచ్‌ఏఎల్ అరవైల నుంచి కట్టిన యంత్రం. కిష్త్వార్‌లో చనిపోయిందీ టెక్నీషియనే. బిగించినవాడే పరీక్షకు ఎక్కాలనే పద్ధతి చాలా చోట్ల ఉంది, అది మంచి పద్ధతే, పని మీద శ్రద్ధ పెరుగుతుంది. కానీ ఎక్కేవాడికి 'ఇది ఇంకా సిద్ధం కాలేదు, ఈ రోజు లేపొద్దు' అనే అధికారం కూడా అంతే గట్టిగా ఉండాలి. పై అధికారికి డెలివరీ తేదీ ముంచుకొస్తున్నప్పుడు, మంత్రి చేత జెండా ఊపించాల్సి ఉన్నప్పుడు, ఆ మాట అనే ధైర్యం కింది ఉద్యోగికి ఉంటుందా? అన్నవాడికి మెమో రాకుండా కాపాడే రాత ఏదైనా ఉందా?

ముద్దేనహళ్లిలో ఏటా సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య సమాధి దగ్గర దండలు వేసి ఇంజనీర్ల దినం జరుపుతారు. మెకానిక్కుకు మాత్రం ఆయుధపూజ నాటి నిమ్మకాయ, గుమ్మడికాయే గతి.

ఆర్డర్లు చూస్తే ఒత్తిడి తగ్గే సూచనలు లేవు. 2025 మార్చి 28న రక్షణ శాఖ 156 ప్రచండ్ యుద్ధ హెలికాప్టర్లకు హెచ్‌ఏఎల్‌తో 62,700 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. అవి తయారయ్యేది బెంగళూరులో, తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో. అక్కడ 615 ఎకరాల్లో కట్టిన హెలికాప్టర్ ఫ్యాక్టరీని 2023 ఫిబ్రవరి 6న ప్రధాని ప్రారంభించారు. కొచ్చి ప్రమాదానికి నెలన్నర ముందు అన్నమాట. ధ్రువ్ కోసం నేర్చుకున్న పనితనం మీదే ప్రచండ్ నిలబడింది. అందుకే ధ్రువ్ పాఠం ధ్రువ్‌తో పోయేది కాదు.

ఈ ఫ్యాక్టరీల కోసం రెండు రాష్ట్రాలు జుట్లు పట్టుకుంటున్న తీరు సరిహద్దు జనం బాగానే చూశారు. 2025 మేలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి లేపాక్షి–మడకశిర ప్రాంతంలో పది వేల ఎకరాలు ఇస్తాం, యుద్ధ విమానాల తయారీ ఇక్కడ పెట్టండి అని కేంద్రాన్ని కోరినట్టు వార్తలు రాగానే కర్ణాటక మంత్రులు భగ్గుమన్నారు. అదే ఏడాది జులై 15న, దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్న హోబళిలో ఏరోస్పేస్ పార్కు కోసం తీసుకోబోయిన 1,777 ఎకరాలను రైతుల మూడేళ్ల పోరాటం తర్వాత కర్ణాటక ప్రభుత్వం వదిలేసుకుంది. వెంటనే ఆంధ్ర మంత్రి లోకేశ్ మా దగ్గర భూమి సిద్ధంగా ఉంది రండి అని పిలిచారు. లేపాక్షి ఇటు బాగేపల్లికి కూతవేటు దూరం. దేవనహళ్లి చిక్కబళ్లాపురానికి పక్క తాలూకా. ఎటు పెట్టినా ఈ మూడు తాలూకాల పిల్లలకు మేలే అని సంబరపడేవాళ్లు ఉన్నారు. మేలే. కానీ పోటీ అంతా ఎకరాల మీద, రాయితీల మీద నడిచింది. మీ ఫ్యాక్టరీలో బోల్టు బిగించే మనిషిని ఎవరు తయారు చేస్తారు, ఎక్కడ తయారు చేస్తారు అని ఇటు మంత్రి అడగలేదు, అటు మంత్రి చెప్పలేదు.

ఆ ప్రశ్న ఇక్కడ బలంగా తగులుతుంది. బాగేపల్లి, చేళూరు వైపు పిల్లోడికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, వర్క్‌షాపులో ఇంగ్లిషు. హెలికాప్టరు మెయింటెనెన్సు మాన్యువల్ పూర్తిగా ఇంగ్లిషులో ఉంటుంది. అందులో 'చెయ్యాలి' అన్న మాటకూ 'చేస్తే మంచిది' అన్న మాటకూ మధ్య ప్రాణమంత తేడా ఉంటుంది. చేతి పనిలో ఆ పిల్లోడు ఎవరికీ తీసిపోడు. శిడ్లఘట్టలో పట్టుదారం తెగకుండా తీసే చేతులు, చింతామణి షెడ్లలో లారీ గేరుబాక్సు కళ్లు మూసుకొని విప్పే చేతులు ఇవి. కానీ సందేహం వచ్చినప్పుడు సూపర్‌వైజరును అడగడానికి భాష రాక, అడిగితే తెలియనివాడు అనుకుంటారేమో అని ఊరుకుంటే ఏమవుతుంది? ఊరుకున్నవాడు తప్పు చేశాడని కాదు. అడగడం తేలికయ్యేలా చెయ్యనివాళ్లది తప్పు. ఐటీఐల్లో విమాన భాగాలు బిగించే ఫిట్టర్ కోర్సు ఉంది. హెచ్‌ఏఎల్ ఏటా అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. పౌర హెలికాప్టర్ల మీద సంతకం పెట్టాలంటే డీజీసీఏ లైసెన్సు పరీక్షలు రాయాలి, ఇంటర్ గానీ పీయూసీ గానీ లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీతో పాసై ఉండాలి. ఈ దారి ఉందని సరిహద్దు కాలేజీల్లో ఎంతమంది లెక్చరర్లు పిల్లలకు చెబుతున్నారు? ఇంజనీరింగ్ సీటు, లేకపోతే బెంగళూరు కాల్‌సెంటర్, అంతే.

ఇక హెలికాప్టరు అంటే ఇక్కడి జనానికి కళ్లారా కనబడేది ఎన్నికల్లో. జూనియర్ కాలేజీ మైదానంలో సున్నంతో గుండ్రంగా గీసి, మధ్యలో 'హెచ్' రాసి, ట్యాంకరుతో నీళ్లు చల్లి, ఫైరింజన్ నిలబెట్టి, పోలీసులు తాడు కడతారు. దుమ్ము లేవకుండా జిల్లా యంత్రాంగం పడే తంటాలు అన్నీ ఇన్నీ కావు. దిగే నేల గురించి ఇన్ని జాగ్రత్తలు. దిగే యంత్రం గురించి ఎవరికీ ఏమీ తెలియదు. 2023 మే 2న డీకే శివకుమార్ జక్కూరు నుంచి ముళబాగిలు సభకు బయల్దేరిన హెలికాప్టరుకు హోస్కోటె దగ్గర పక్షి తగిలి అద్దం పగిలింది. వెనక్కు తిప్పి హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో దించారు. పక్షిని ఎవరూ ఆపలేరు. కానీ రోజుకు అయిదారు సభలు, ఆలస్యమైతే పైలట్ మీద కేకలు, రాత్రికి మరమ్మతు చేసి పొద్దున మళ్లీ సభలు అనే పద్ధతిని ఆపవచ్చు. అద్దె హెలికాప్టరుకు మరమ్మతు తర్వాత పరీక్ష తిప్పడానికి గంట కావాలని మెకానిక్కు అడిగితే, ఆ గంటను పార్టీవాళ్లు ఇస్తారా?

2009 సెప్టెంబరు 2 ఈ సరిహద్దులో ఎవరూ మరిచిపోని తేదీ. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలో కూలి అయిదుగురు పోయారు. అది బెల్ 430, రెండు ఇంజన్లది. చెడ్డ వాతావరణంలో చిక్కుకోవడమే ప్రధాన కారణమని దర్యాప్తు కమిటీ చెప్పింది. దానితో పాటు ఇంకొకటి కూడా చెప్పింది. గేరుబాక్సు నూనె హెచ్చరిక ఒకటి వెలిగితే, దానికి ఏం చెయ్యాలో పుస్తకంలో వెతుకుతూ సిబ్బంది ధ్యాస ఆరు నిమిషాలకు పైగా అటే పోయింది. అంత మబ్బులో ఆ ఆరు నిమిషాలు ఎంత విలువైనవో వేరే చెప్పాలా? చిన్న దీపం వెలిగితే దాని అర్థం ఏమిటో, దాన్ని పట్టించుకోవాలో వద్దో నేల మీదే తేలిపోవాలి. అది మెయింటెనెన్సు పని. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు పోయినవాళ్లలో మదనపల్లె పక్కన కురబలకోట మండలానికి చెందిన జవాను ఉన్నాడు. చింతామణి నుంచి ఆ ఊరి వైపు పోయి కన్నీళ్లు పెట్టినవాళ్లు ఉన్నారు. అక్కడ యంత్రంలో లోపం లేదని విచారణ తేల్చింది. అట్లా తేల్చి చెప్పారు కాబట్టే జనం ఒక నిర్ణయానికి రాగలిగారు. ధ్రువ్ విషయంలోనూ అదే కావాలి.

కొచ్చి 2023, పోర్‌బందర్ 2025 విచారణల సారాంశాన్ని రక్షణ శాఖ పార్లమెంటు ముందు పెట్టాలి. రహస్యమైన పేరాలు నల్లసిరాతో కొట్టేసినా సరే, మిగతాది ఇవ్వాలి. చిక్కబళ్లాపురం, కోలారు, హిందూపురం ఎంపీలు ముగ్గురూ ఏ పార్టీవాళ్లయినా, ఫ్యాక్టరీ మాకు కావాలంటే మాకు కావాలి అని కొట్లాడే ముందు ఈ ఒక్క ప్రశ్న కలిసి వెయ్యొచ్చు. పరీక్షకు లేచే ముందు టెక్నీషియన్ 'వద్దు' అంటే ఆ రోజుకు ఆ మాటే చివరిదని, అన్నందుకు విచారణ ఉండదని హెచ్‌ఏఎల్ గానీ సైన్యం గానీ రాతలో ఇవ్వాలి. ఏ రాష్ట్రం భూమి ఇచ్చినా, ఆ ఒప్పందంలోనే పక్క తాలూకాల ఐటీఐలకు యంత్రాలు, మాస్టర్లు, మాన్యువల్ ఇంగ్లిషును తెలుగు, కన్నడల్లో విడమర్చి చెప్పే తరగతులు కూడా రాయించుకోవాలి. ఎకరానికి ఎంత అని అడిగే రైతు పక్కనే నిలబడి, నా కొడుక్కు ఏం నేర్పిస్తావు అని అడిగే రైతు కూడా ఉన్నాడు. చన్నరాయపట్న ధర్నా మూడేళ్లు సాగింది, ఆ రెండో రైతు ఓపిక కూడా తక్కువేం కాదు.